ఉన్నచోటే పరుగు

మండపేట వాస్తవ్యుడు, ప్రస్తుతం నోయిడా నివాసి అయిన విష్ణువర్ధన్ అనే తెలుగువాడు పరుగులో ఒక జర్మనీ కారును దాటి ముందుకు పోయాడన్న సంగతి ఇంకా ఏ చరిత్ర పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎక్కించే బాధ్యత ఇక్కడ స్వీకరించడమైనది. కారు నల్లనిది, పొడుగుపాటిది, కొత్తది. లోపల డ్రైవరున్నాడు, ఇంజను నడుస్తోంది, రోడ్డు వెడల్పుగా ఉంది. కారూ మనవాడూ ఒకే దిక్కుకు పోతున్నారు. మనవాడు వెనకనుంచి వచ్చాడు, పక్కకు వచ్చాడు, ముందుకు వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు. చూసి ఊరుకోలేదు, చప్పట్లు కూడా కొట్టారు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

అలాంటి పరుగువీరుడు తల్లి కడుపులోంచే పరుగెత్తుకుంటూ వచ్చాడనుకుంటే పొరపాటు. కిందటేడు దాకా విష్ణువర్ధన్‌కు పరుగుతో ఉన్న సంబంధం, ఆఫీసు క్యాబు వెళ్ళిపోతుంటే వెనకనుంచి చెయ్యి ఊపడం వరకే. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆ ఉద్యోగంలో మనిషి సీట్లోంచి కదలకూడదు. కదిలితే కిందివాళ్ళు పని మానేస్తారు. అలా కదలకుండా పదోన్నతులు పొందుతూ ఉండగా, పొట్ట కూడా అతనితో సమానంగా పదోన్నతి పొందింది. మలుపు దగ్గర ముందు పొట్ట తిరిగేది, తరవాత మనిషి తిరిగేవాడు. అతను లిఫ్టులో కాలు పెడితే లోపలున్నవాళ్ళు ఎవరూ అడక్కుండానే, "ఆప్ జాయియే సర్, హమ్ దూసరీ మే ఆతే హై" అని మర్యాదగా దిగిపోయేవారు. విష్ణువర్ధన్ దాన్ని గౌరవం అనుకునేవాడు.

బరువుతో అతనికి పేచీ ఏమీ లేదు. పేచీ వచ్చింది కూతురి దగ్గర.

కిందటి చలికాలం కూతురు అక్షర చదివే బడిలో ఆటల పండుగ జరిగింది. అందులో తండ్రుల పరుగు పందెం అని ఒకటి పెట్టారు. ఈల ఊదగానే విష్ణువర్ధన్ అందరితోపాటూ బయల్దేరాడు. సగం దూరం పోయి ఆగాడు. ఆగినవాడు నిలబడి ఉన్నా పరువు దక్కేది, కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉన్నా సరిపోయేది. పక్కన చిన్నపిల్లల చెంచా-నిమ్మకాయ పందేనికి సిద్ధంగా పెట్టిన నిమ్మకాయ ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. ఆ నిమ్మకాయ కోసం ఒక పసివాడు అతని ఎదుట నిలబడి ఏడుస్తూ ఉండగా ఎవరో ఫోటో తీశారు.

బడి వదిలాక గేటు దగ్గర ఇషిత అనే స్నేహితురాలు అక్షరను అడిగింది. "వో నింబూ వాలే తేరే పాపా థే క్యా?"

అక్షర తొణకలేదు. "నహీ రే. పడోస్ వాలే అంకుల్ హై," అంది.

నిమ్మకాయ మనిషి మా నాన్న కాదు, పక్కింటి అంకుల్ అని ఆ పిల్ల చెప్పిన మాట, రెండడుగుల వెనక పుస్తకాల సంచీ మోస్తూ నిలబడ్డ విష్ణువర్ధన్ చెవిన పడింది. ఢిల్లీ ప్రాంతంలో అంకుల్ కాని మగవాడు లేడు. కూరగాయల బండివాడూ అంకులే, పోలీసూ అంకులే, ఎదురింటి ముసలాయనా అంకులే. ఎవరూ నొచ్చుకోరు. కానీ కన్నకూతురికి అంకుల్ అయినవాడు ఆ ప్రాంతం మొత్తమ్మీద విష్ణువర్ధన్ ఒక్కడే అయ్యాడు. మర్నాటినుంచి ఆ పిల్ల కారు గేటు దాకా పోనివ్వలేదు. మలుపులోనే దింపేయమనేది. "యహీ పే, పాపా. యహీ ఠీక్ హై." కారులో పాపా, గేటు దగ్గర అంకుల్. మలుపుకూ గేటుకూ నడుమ ఉన్న ఆ కాస్త దూరం దాటడానికి విష్ణువర్ధన్ పరుగు మొదలుపెట్టాడు. బరువు తగ్గాలి, వచ్చే పందెంలో చివరిదాకా పరుగెత్తాలి, గేటు దగ్గర మళ్ళీ నాన్న కావాలి. అతని కోరికల్లా అంతే.

సంగతి భార్య భావనకు చెప్పాడు.

"పరిగెడతారా? ముందు నడిచి చూడకూడదాండీ?" అందావిడ.

"నడిచేవాళ్ళకి పందేలు పెట్టరే."

"కూచునేవాళ్ళకి పెడతారేమో కనుక్కోండి. కప్పు మనింటికే వచ్చేస్తుంది."

ఇంటి ఇల్లాలి ఆశీర్వాదం అలా లభించాక సరంజామా కొన్నాడు. ముందు బూట్లు. ఈ బూట్లు వేసుకుంటే మనిషి పరుగెత్తనక్కర్లేదు, అవే పరుగెత్తిస్తాయని కొట్టువాడు చెప్పాడు. విష్ణువర్ధన్ ఆ మాటను అక్షరాలా గౌరవించి, కొన్నాళ్ళపాటు వాటిని గుమ్మంలో పెట్టి, కాఫీ తాగుతూ గమనించాడు. అవి కదలలేదు. తరవాత చేతికి ఒక వాచీ. అది కూర్చుంటే లేవమంటుంది, లేస్తే నీళ్ళు తాగమంటుంది, తాగితే గట్టిగా ఊపిరి పీల్చమంటుంది. పాపం దానికి ఢిల్లీ గాలి సంగతి తెలియదు, పరదేశీ వస్తువు.

ఒక తెల్లవారుజామున సొసైటీ మేడల చుట్టూ అతని మొదటి పరుగు జరిగింది. సొసైటీ అంటే సమాజం కాదు, గోడ కట్టి గేటు పెట్టిన మేడల గుంపుని నోయిడాలో అలా పిలుస్తారు. అందులో కార్లు పరుగెత్తుతాయి, కుక్కలు పరుగెత్తుతాయి. ఒక లావుపాటి గృహస్థు పరుగెత్తడం మాత్రం గేటు కావలివాళ్ళు ఎన్నడూ చూసి ఎరగరు. కనక వాళ్ళు తమ విధి నిర్వర్తించారు. ఈల వేసి వెంటబడ్డారు.

"సాబ్, కిధర్ గయా?" అని అరిచాడు ముందున్న కావలిమనిషి. ఎటు పోయాడని అడుగుతున్నాడు. ఎవడు? దొంగ. దొంగ లేకపోతే సాబు ఎందుకు పరుగెత్తుతాడు?

విష్ణువర్ధన్‌కు జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. ముందుకు చెయ్యి చూపించాడు, దారి ఇవ్వమని. వాళ్ళు ఆ చెయ్యి చూపిన వైపు దూసుకుపోయి, ఎదురుగా తీరిగ్గా పరుగెత్తుకొస్తున్న జిమ్ మాస్టారుని పట్టుకున్నారు. ఆ గోడ లోపల పరుగు తెలిసిన మనిషి అతనొక్కడే. అనుమానం రావడం సహజం. విష్ణువర్ధన్ మాత్రం వెనక ఇంతమంది తరుముతున్న ఉత్సాహంలో చుట్టు పూర్తి చేశాడు. జీవితంలో మొదటిసారి. ఇంటికొచ్చి సోఫాలో పడి, "పూర్తి చేశానే," అన్నాడు. భావన తువ్వాలు ఇస్తూ, "ఎవర్ని?" అంది.

ఇంతటితో వదిలేస్తే అతను రోజుకో చుట్టు చొప్పున బాగుపడేవాడే. కానీ తెలుగువాడు ఒంటరిగా బాగుపడడం తోటి తెలుగువాళ్ళు చూసి సహించలేరు. కలిసి బాగుపడాలంటారు. అదే సొసైటీలో వీరరాఘవులు గారని కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఉన్నారు. ఏ శాఖలో పనిచేశారని అడిగితే, "అది చెప్పకూడదు," అంటారు. ఏం పని చేశారని అడిగితే, "అది చెప్పలేం," అంటారు. ఆయన బాల్కనీలోంచి విష్ణువర్ధన్ పరుగు చూసి, కిందికి దిగి, దారికి అడ్డం నిలబడ్డారు.

"ఏవయ్యా విష్ణూ, ఇలా ఎవరికి వారు పరిగెడితే దాన్ని ఏమంటారు? అరాచకం అంటారు. ఒక సంఘం ఉండద్దూ?"

ఆగితే మళ్ళీ కదలలేనని భయపడి విష్ణువర్ధన్ ఉన్నచోటే కాళ్ళాడిస్తూ, "మీ ఇష్టం మాస్టారూ," అన్నాడు. ఆ మాటను ఏకగ్రీవ తీర్మానంగా స్వీకరించి, నోయిడా తెలుగు పరుగు సంఘాన్ని వీరరాఘవులు గారు అక్కడికక్కడే స్థాపించారు.

సంఘానికి అధ్యక్షులు వీరరాఘవులు గారే. ఆపైన కార్యనిర్వాహక అధ్యక్షుడు, ప్రాంతానికి ఒకరు చొప్పున ఉపాధ్యక్షులు, వాళ్ళకు సహ ఉపాధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారి, సాంస్కృతిక విభాగం, మహిళా విభాగం. పదవులన్నీ పంచేసరికి మామూలు సభ్యుడిగా మిగిలినవాడు విష్ణువర్ధన్ ఒక్కడే. అందుచేత పరుగెత్తే బాధ్యతను అతనికే అప్పగించడమైనది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అందరికీ చొక్కాలిచ్చారు. చొక్కా మీద అధ్యక్షులవారి బొమ్మ. విష్ణువర్ధన్ తొడుక్కునేసరికి ఆ ముఖం రెండింతలై, పుట్టి బుద్ధెరిగాక అధ్యక్షులవారు నవ్వని నవ్వు ఒకటి అతని పొట్ట మీద విచ్చుకుంది. అధ్యక్షులవారు కుర్చీలో కూర్చునే ఉపన్యసించారు:

"సోదర సోదరీమణులారా. పరుగు మనకు కొత్త కాదు. ఉద్యోగం కోసం మండపేట నుంచి, కరీంనగర్ నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఇంత దూరం పరుగెత్తుకొచ్చినవాళ్ళం మనం. అంత పరుగు పరుగెత్తాం కాబట్టే ఇవాళ ఇలా కూర్చోగలుగుతున్నాం. ఈ కూర్చోవడం ఊరికే రాలేదు. దీన్ని కాపాడుకోవడం కోసం మన సోదరుడు విష్ణువర్ధన్ పరుగెడతాడు. మనమంతా ఆయన వెనక ఉందాం."

అందరూ అతని వెనకే ఉన్నారు. అతను పరుగెత్తి వెళ్ళి చుట్టు తిరిగి వచ్చేసరికి కూడా, ఎక్కడివాళ్ళు అక్కడే, వెనకే ఉన్నారు.

పరుగన్నాక ఫలహారం ఉండాలి. మొదటి ఆదివారం పెసరట్టు-ఉప్మా పెట్టారు. దాంతో సంఘం చీలిపోయినంత పనైంది. మహిళా విభాగం అధ్యక్షురాలు ఛాయాదేవి గారిది కరీంనగర్. ఆవిడ ప్లేటు తాకలేదు. "గిదేం న్యాయం సార్? సంఘం అందరిది, పెసరట్టు మీ కోస్తోళ్ళది. సర్వపిండి లేని కాడికి మా కరీంనగరోళ్ళు ఎందుకు రావాలె?" అన్నది. ప్రొద్దుటూరు సుధీర్ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా జేబులోంచి తీసి, "ఉగ్గాని, బజ్జీ ల్యాకుండా అదేం టిఫనన్నా? మేం పోతాం," అన్నాడు.

అధ్యక్షులవారు ఏ శాఖలో పనిచేశారో తెలియదు గానీ, రాజీ కుదర్చడంలో ఆరితేరినవారు. ఇకమీదట ప్రతి ఆదివారం మూడు ప్రాంతాల ఫలహారాలూ పెడతారు. సభ్యుడైనవాడు మూడూ తిని తన నిష్పాక్షికతను చాటుకుంటాడు. సభ్యుడంటే ఎవరో మీకు తెలుసు. ఒక బజ్జీ తక్కువ తింటే రాయలసీమ మొహం మాడ్చుకునేది. సర్వపిండి అంచు వదిలేస్తే కరీంనగర్ కళ్ళు ఎర్రబడేవి. ఉప్మా కాస్త మిగిలితే సొంత గోదావరి జిల్లావాళ్ళే, "మనవాడైయుండి," అని గొణిగేవాళ్ళు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీలు ఎన్నో ఉన్నాయి. అవి తెగేదాకా అవన్నీ విష్ణువర్ధన్ పొట్టలో సామరస్యంగా కాపరం చేశాయి. పరుగులో కరిగిందెంతో ఫలహారంలో అంతకంటే ఎక్కువే వచ్చి చేరింది.

ఫలహారం వార్త పొక్కగానే పక్క సొసైటీల తెలుగువాళ్ళు కూడా ఆరోగ్యం మీద శ్రద్ధ పెంచుకుని రావడం మొదలుపెట్టారు. వరస పొడుగైంది. పరుగెత్తేవాడు ఒకడు, తినేవాళ్ళు నూటొక్కమంది అయితే సంఘం పేరు మార్చవలసి వస్తుందని అధ్యక్షులవారు కలత చెంది, ఒక ఉత్తర్వు జారీ చేశారు. వరసలో నిలబడ్డవాళ్ళు నిలబడరాదు; ఉన్నచోటే పరుగెత్తవలెను. కాళ్ళాడించడం ఆపినవారికి అట్టు ఇవ్వబడదు. ఆ ఆదివారంనుంచి చేతిలో ఖాళీ ప్లేటు, ముందున్నవాడి వీపు మీద చూపు, కింద ఆగని కాళ్ళు. చూసి తరించవలసిన దృశ్యం. బాల్కనీల్లోంచి చూసిన ఉత్తరాది పెద్దమ్మలు ఇది దక్షిణాదివాళ్ళ వ్రతం కాబోలనుకున్నారు. కొందరు భక్తిగా స్నానం చేసి, తలమీద కొంగు కప్పుకుని, చెప్పులు పక్కన విడిచి వరసలో చేరారు. చేతులు జోడించి ఉన్నచోటే పరుగెత్తి, పెసరట్టును ప్రసాదంలా కళ్ళకద్దుకుని తిన్నారు. ఒకావిడ మొక్కు తీరిందని కూడా చెప్పింది.

ఇవన్నీ ఆదివారం సంగతులు. మిగతా రోజుల్లో విష్ణువర్ధన్ సాయంత్రంపూట ఒంటరిగా, గేటు దాటి, పెద్ద రోడ్డు మీదికి పోయేవాడు. అది నిజం పరుగు. రొప్పేవాడు, ఆగేవాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలతో ఏదో మాట్లాడేవాడు, మళ్ళీ కదిలేవాడు. ఆ రోజుల్లోనే జర్మనీ కారు ఎదురైంది.

ఆ కారు పెళ్ళికొడుకుది. కారు మీద బంతిపూల దండలు, ముందు బ్యాండు మేళం, మేళం ముందు పెళ్ళికొడుకు మేనమామలు, బాబాయిలు, వాళ్ళ భార్యలు, అంతా నాట్యంలో మునిగి ఉన్నారు. పాటకు రెండడుగుల చొప్పున బరాత్ కదులుతోంది. ఢిల్లీలో పెళ్ళికొడుకు గుర్రం దిగి కారెక్కినా వేగం మాత్రం గుర్రానికంటే తక్కువే. విష్ణువర్ధన్ పక్కనుంచి జారుకోబోయాడు. ఒక మేనమామ చెయ్యి పట్టుకున్నాడు. "అరే భాయిసాబ్, ఐసే కైసే జాయేంగే?" అంటూ మధ్యలోకి లాగాడు. ఊరికే వెళ్ళనివ్వరట. ఒక పాట పూర్తిగా నాట్యం చేయించి, నోట్లో లడ్డూ కుక్కి, అవతలివైపు వదిలారు. చప్పట్లు కొట్టింది ఆ నాట్యానికే. దాటిన మాట నిజం, ఇంజను నడుస్తున్న మాట నిజం. ముందు మేళం ఉందని నేను చెప్పలేదు, మీరు అడగలేదు.

దీపావళి వెళ్ళింది. ఢిల్లీ ఆకాశం యథాప్రకారం కిందికి దిగి వచ్చి వీధుల్లో కాపరం పెట్టింది. ఎదురు మేడ కనబడడం మానేసింది. అందులో ఉండే బంధువులకు ఫోను చేసి ఇంకా ఉన్నారా అని కనుక్కోవలసి వచ్చేది. కళ్ళు మండుతున్నాయంటే ఎవరూ డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు కాదు, నవంబరు వచ్చిందనుకునేవాళ్ళు. విష్ణువర్ధన్ మాత్రం డాక్టరు దగ్గరికి పోయి అడిగాడు. పరుగెత్తకపోతే గుండెకు ముప్పు, ఈ గాలిలో పరుగెత్తితే ఊపిరితిత్తులకు ముప్పు, రెండింటిలో మీకు ఏది తక్కువ ఇష్టమో మీరే తేల్చుకోండి అని ఆ పెద్దమనిషి నిష్కర్షగా చెప్పి, తనూ దగ్గాడు.

పరుగు సంఘం అత్యవసరంగా సమావేశమై, కార్యక్రమాలను సెల్లారులోకి, కార్లు పెట్టుకునే చోటికి మార్చింది. "మిత్రులారా, గాలి బాగాలేదని కొందరు భయపెడుతున్నారు. బాగున్న గాలి ఎవడైనా పీలుస్తాడు. ఇది మన గాలి. మనం పీల్చకపోతే ఎవరు పీలుస్తారు?" అని అధ్యక్షులవారు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గర్జించారు. కార్ల మధ్య పరుగెత్తడానికి చోటు లేదు. వరస కట్టడానికి మాత్రం ఉంది. కనక ఆ చలికాలమంతా సంఘం వారి పరుగు పూర్తిగా ఉన్నచోటే, అట్టు పెనానికి అభిముఖంగా సాగింది. లిఫ్టు నేరుగా సెల్లారులోకే దింపుతుంది కాబట్టి అక్కడిదాకా నడిచే నాలుగడుగులు కూడా సభ్యులకు తప్పాయి.

ఒకరోజు అక్షర మందు యంత్రం మూతికి పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటోంది. దగ్గు పట్టిన పిల్లలకు ఆ రోజుల్లో ఇంటింటా అదే ఆట. విష్ణువర్ధన్ పక్కన కూర్చుని గొట్టం పట్టుకున్నాడు. ఆవిరి అయిపోయాక ఆ పిల్ల అడిగింది.

"పాపా, ఈసారి రేస్‌కి కూడా వస్తారా?" ఆ పిల్ల తెలుగులో మాట్లాడిందంటే విషయం గట్టిదన్నమాట.

"నువ్వు వద్దంటే రానమ్మా."

ఆ పిల్ల గోళ్ళు చూసుకుంది. "ఇషిత భీ హోగీ," అంది.

"ఉండనీ. వాళ్ళ నాన్న కూడా ఉంటాడుగా."

"ఉన్‌కే పాపా తో జిమ్ జాతే హై." మళ్ళీ గోళ్ళు చూసుకుంది. "ఆ జాయియే. లేకిన్ బైఠియేగా మత్. ప్లీజ్."

రండి, కానీ కూర్చోకండి. గెలవమని అడగలేదు. సన్నబడమని అడగలేదు. ఆ పిల్ల పెట్టిన షరతు అదొక్కటే. విష్ణువర్ధన్ ఆ రాత్రి అన్నం కూడా నిలబడే తిన్నాడు.

పండుగ రోజు వచ్చింది. పిల్లల్ని బయట ఆడించరాదని ఉత్తర్వులున్నాయి కాబట్టి ఆటల పండుగను బడివాళ్ళు హాల్లో పెట్టారు. హాకీ వేదిక మీద, కబడ్డీ నడవాలో, లాంగ్ జంప్‌ను మాత్రం చిత్రలేఖనంగా మార్చారు. ముఖ్య అతిథిగా, గదుల్లో గాలిని శుభ్రం చేసే యంత్రాలు అమ్మే ఒక పెద్దమనిషిని పిలిచారు. బయట గాలి ఇలా అయిపోయినందుకు ఆయన తీవ్ర విచారం వ్యక్తం చేశాడు. విచారం వ్యక్తం చేస్తున్నంతసేపూ ఆయన ముఖం పెళ్ళివారి ఇల్లులా కళకళలాడుతూనే ఉంది. "మీ పిల్లలు పరుగెత్తడానికి మైదానం అక్కర్లేదు. మా యంత్రం పెట్టుకోండి, పడగ్గదే మైదానం," అన్నాడు.

అప్పుడు చివరి వరసలో ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. "సర్, మన పిల్లలు బయట ఎప్పుడు పరుగెత్తుతారు? దాని గురించి మనం ఎవరిని అడగాలి? పదండి, ఇంతమందిమి ఉన్నాం, కలిసి వెళ్ళి అడుగుదాం," అన్నాడు. ప్రిన్సిపాలు మంచినీళ్ళు తాగింది. ముఖ్య అతిథి టై సవరించుకున్నాడు. తరవాత కార్యక్రమం కొనసాగింది.

తండ్రుల పందెం వచ్చింది. హాల్లో చోటు లేదు కాబట్టి తివాచీ మీద సుద్దతో గుండ్రాలు గీశారు. ఒక్కొక్క తండ్రి ఒక్కొక్క గుండ్రంలో నిలబడి, ఉన్నచోటే పరుగెత్తాలి. ఆట మాస్టారు ఆఖరి ఈల ఊదేదాకా ఆగనివాళ్ళు గెలిచినట్టు. విష్ణువర్ధన్‌కు ఇంతకంటే ఇంటి ఆట ఇంకోటి లేదు. ఎదురుగా పెనం లేదన్నదొక్కటే లోటు.

మొదటి ఈల పడింది. తండ్రులందరూ కాళ్ళాడించారు. కాసేపటికి ఒకాయనకు ఆఫీసు ఫోను వచ్చింది. "యస్, అయాం రన్నింగ్ లేట్," అంటూ గుండ్రం దాటి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన ఫోటో తీయించుకున్నాడు, పని అయిపోయిందని ఆపేశాడు. జిమ్ముకు పోయే ఇషిత తండ్రి చాలాసేపు అందంగా పరుగెత్తి, వాచీ చూసుకుని, ఇవాళ్టి కోటా పూర్తయిందని దిగిపోయాడు. ఇంతలో ముఖ్య అతిథి బయల్దేరాడు. ప్రిన్సిపాలు, ఉపాధ్యాయులు, వాళ్ళతోపాటు మెడలో ఈలతో ఆట మాస్టారు, అందరూ ఆయన్ని కారెక్కించడానికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు అట్నుంచి అటే సమోసాల దగ్గరికి వెళ్ళారు. ఆఖరి ఈల ఊదాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఈల లేకపోయినా పందెం అయిపోయిందని తక్కిన తండ్రులకు సమోసా వాసన చెప్పింది.

విష్ణువర్ధన్‌కు చెప్పలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు. మోకాళ్ళు బతిమాలుతున్నాయి, పొట్ట ఒక పక్క వెళితే మనిషి ఇంకో పక్క వెళుతున్నాడు, చెమట కనురెప్పల మీదినుంచి కారుతోంది. తలలో ఒకటే మాట. కూర్చోకు. చుట్టూ కుర్చీలు మడిచిన చప్పుడు వినిపించింది. తివాచీ చుట్టేవాళ్ళు వచ్చారు. నాలుగు వైపులనుంచీ చుట్టుకుంటూ వచ్చి, ఇతని గుండ్రం దగ్గర ఆగి, "భయ్యా జీ, జరా..." అన్నారు. అతను వినలేదు. పాపం మంచివాళ్ళు, ఆ ముక్క వదిలేసి మిగతాది చుట్టుకుపోయారు. విశాలమైన ఖాళీ హాలు నడుమ ఒక చాపంత తివాచీ, దాని మీద రొప్పుతూ, ఎక్కడికీ పోకుండా పరుగెత్తుతున్న ఒక మేనేజరు.

మోచెయ్యి ఎవరో పట్టుకున్నారు.

"పాపా, బస్. హో గయా."

"ఈల... ఊదలేదు... కదా... తల్లీ," అన్నాడు కళ్ళు తెరవకుండా.

అక్షర అటూ ఇటూ చూసింది. ఈల ఉన్న మనిషి ఎక్కడా లేడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, హాలు మార్మోగేటట్టు ఈల వేసింది. ఈల వేసి, దాని వెనకే కాసేపు దగ్గింది.

విష్ణువర్ధన్ ఆగాడు. నిలబడ్డాడు. కూర్చోలేదు.

గుమ్మంలో సమోసాతో నిలబడి చూస్తున్న ఇషిత, "యే వహీ అంకుల్ హై నా?" అంది.

"అంకుల్ నహీ," అంది అక్షర, చెమటతో తడిసిన ఆ చెయ్యి వదలకుండా. "మేరే పాపా హై. రుక్తే హీ నహీ." మా నాన్న, ఆగమన్నా ఆగడు అని.

ఆ రోజు ఇద్దరూ గేటు మధ్యలోంచి, బడి అంతా చూస్తుండగా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికి వచ్చారు. మొదటి బహుమతి అప్పటికే ఇచ్చేశారు. హాలుకు గాలి యంత్రం కొనిచ్చిన ఒక తండ్రికి అది దక్కింది. ఇంట్లో కాటా ఎక్కితే ముల్లు కిందటేడు ఎక్కడ నిలబడిందో అక్కడికి కొంచెం ఇవతలగా నిలబడింది. ఏ వైపు ఇవతలో భావన చెప్పనివ్వలేదు. ఇటు పరుగు సంఘం సమావేశమై, ఈ విజయానికి గాను అధ్యక్షులవారికి శాలువా కప్పి, మర్నాటి ఫలహారంలో జిలేబీ చేర్చింది.

ఇందులో నేను అల్లింది ఒకే ఒక్కటి. ఆ చివరి వరసలో తండ్రి. అలాంటి మనిషి ఆ హాల్లో లేడు. ఎవరూ లేవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ముఖ్య అతిథి ఆగినచోటల్లా అందరూ చప్పట్లు కొట్టారు, ఆ యంత్రం ఎక్కడ చవగ్గా దొరుకుతుందో పక్కవాణ్ణి కనుక్కున్నారు. ఇన్ని వింతలు చెబితే కనుబొమ్మ ఎత్తకుండా నమ్ముకుంటూ వచ్చారు. పిల్లలు పీల్చే గాలి గురించి ఒక తండ్రి లేచి అడిగాడనగానే మాత్రం, కథ చెప్పే ఈ ముసలాడు ఇక్కడ కోతలు కోస్తున్నాడని మీకు అప్పుడే తట్టింది. తట్టలేదని బుకాయించకండి.